చిత్తూరు ఇంట్లో హేమ కంప్యూటరు

పోయిన నెలలో హేమ తిరుపతికి వచ్చింది. కొండకు పోయే ముందు మా ఇంట్లో దిగి, స్నానం చేసి, తడి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, "సుగుణా, దర్శనం టికెట్టు కాగితం మీద తియ్యల్ల. నీ కంప్యూటరు ఒక్క నిమిషం ఇస్తావా మే?" అని అడిగింది. హేమ మా చిన్నమ్మ కూతురు. నాకంటే మూడు నెలలు పెద్ద. అరవైకి దగ్గరపడిన ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య అదేమంత పెద్ద కోరిక కాదు. అయినా ఇస్తూనే నాకు భయం పట్టుకుంది. నా కంప్యూటరులో ఏముందో నాకు తెలుసు. సగం రాసి వదిలేసిన వ్యాసాలున్నాయి. తోటి రచయిత్రి ఒకామెకు బహుమానం వచ్చినప్పుడు కడుపుమంటతో రాసి, పంపే ధైర్యం లేక దాచుకున్న ఉత్తరముంది. ఆమె పుస్తకాల మీద వచ్చిన సమీక్షల్లో తిట్టినవి మాత్రం ఏరి, వాటికి వేరే చోటు కేటాయించి, పేరు కూడా పెట్టుకున్నాను. అవన్నీ తెర మీదే, పైపైనే కనిపిస్తుంటాయి. వాటి ముందు ఎవరైనా అయిదు నిమిషాలు కూర్చుంటే నా జాతకం రాసిపెట్టొచ్చు.

కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి పోయి, తలుపు సందులోంచి ఆమె వీపునే చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగిపోయాయి. హేమ తన టికెట్టు తాను తీసుకుని, మిగతాదంతా ఎలా ఉన్నదో అలాగే వదిలి లేచింది. "ఏమన్నా చూసినావా?" అని అడిగాను, నవ్వుతున్నట్టు. "నేనేం చూస్తాను మే, నాకు కావాల్సింది టికెట్టే గదా" అంది. ఆ నిమ్మళం ఉందే, దాన్ని చూసి నేను దాదాపు నలభై ఏళ్లుగా మండిపోతున్నాను. మొదటిసారి ఎప్పుడు మండానో కూడా గుర్తుంది. అప్పుడు ఇది తారుమారుగా జరిగింది. కంప్యూటరు ఆమెది, తొంగిచూసింది నేను.

మాది ఐరాల. మా నాయనకు కొంత చెరకు, ఒక బెల్లం గానుగ ఉండేవి. నేను టైపు పరీక్షలు కట్టడానికి చిత్తూరులో చిన్నమ్మ ఇంట చేరి రెండేళ్లున్నాను. చిన్నాయనకు ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. కాయలు దిగే కాలంలో ఆ ఇంట్లో ఏది ముట్టుకున్నా మామిడి వాసనే. చిన్నాయన చొక్కాలు, దిండు గలీబులు, మజ్జిగ కుండ మీద మూత, అన్నిట్లోనూ అదే. చిన్నమ్మ ఆ వాసన పడక మూడు నెలలూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది, మామిడిపండు మాత్రం నోట్లో పెట్టుకునేది కాదు. ఆమెకు ఇంకో అలవాటుండేది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా దానికి గుడ్డతో తొడుగు కుట్టాల్సిందే. రేడియోకు, మిక్సీకి, ఫ్రిజ్జు పిడికి, చివరకు టెలిఫోను చెవికి కూడా పూలు కుట్టిన తొడుగులుండేవి. పొద్దున పదకొండు గంటలకల్లా రాగిసంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నూరి, పని అయిపోయిందని చెప్పి సూదీ దారం పట్టుకుని వరండాలో కూర్చునేది.

ఆ ఇంట్లో నాకు తిండికి గానీ బట్టకు గానీ ఏ లోటూ జరగలేదు. చిన్నమ్మ మా ఇద్దరికీ ఒకే తానులోంచి జాకెట్లు కుట్టించేది. అదే నా బాధ. ఒకే గుడ్డ హేమకు ఒదిగినట్టు నాకు ఒదిగేది కాదు. ఆమె పరుగెత్తేది కాదు, అరిచేది కాదు, అన్నం మెతుకు కింద పడేసేది కాదు. పెద్దవాళ్లు పిలిస్తే ఒకే పిలుపుకు "వస్తా ఉండా" అనేది. నేను ఆమె కంటే టైపు వేగంగా కొడతాను, ఇంగ్లీషు బాగా రాస్తాను, పద్యాలు ఎక్కువ వచ్చు. ఇవన్నీ రోజూ మనసులో ఏకరువు పెట్టుకునేదాన్ని. ఏకరువు పెట్టుకోవాల్సి రావడమే ఓడిపోవడమని నాకు అప్పుడు తెలియదు.

అట్లాంటి ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. చిత్తూరులో అప్పటికి ఎన్ని ఉండేవో నాకు తెలియదు, మా వీధిలో మాత్రం అదొక్కటే. మద్రాసు నుంచి కారులో, రెండు పరుపుల మధ్య పెట్టుకుని తెచ్చారు. ఫ్యాక్టరీలో వేడి, జిగురు, ఈగలు. అందుకని దాన్ని ఇంట్లోనే, హాలు పక్క గదిలో పెట్టారు. కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లేవాళ్లు. గదిలోకి చెప్పులతో రాకూడదు. చిన్నమ్మ దానికి నెమళ్లు కుట్టిన తొడుగు రెండు రోజుల్లో సిద్ధం చేసింది. చిన్నాయన దాన్ని ఒక్కనాడూ తాకలేదు. ఊళ్లో పెద్దమనుషులను పిలుచుకొచ్చి, "నీ పేరు చెప్పప్పా, అచ్చేసి ఇస్తాది చూడు" అని, వాళ్ల పేరు కర్రుకర్రుమంటూ కాగితం మీద పడుతుంటే మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. చిత్తూరు పెద్దమనుషులు చాలామంది ఆ కాగితాలను చొక్కా జేబులో మడిచి పెట్టుకుని పోయినారు.

దాని ముందు కూర్చునే మనిషి మాత్రం హేమ. ఫ్యాక్టరీ ఉత్తరాలన్నీ ఆమె కొట్టాలి. టైపు హయ్యరు ప్యాసైన నేను ఇంట్లో ఉండగా, రెండు వేళ్లతో వెతుక్కుని కొట్టే హేమకు ఆ కుర్చీ ఇచ్చారు. కూతురు గదా మరి. నన్ను గదిలోకి రావద్దని ఎవరూ అనలేదు. నేనే పోలేదు. వరండాలో కూర్చుని, తడక పక్క సందులోంచి నెలల తరబడి ఆమె ఏ మీట నొక్కితే తెర మీద ఏమొస్తుందో చూసి నేర్చుకున్నాను. పొద్దున దాన్ని ఆన్ చేయగానే, పచ్చటి అక్షరాలతో అది మొట్టమొదట తేదీ అడుగుతుంది, తర్వాత టైము అడుగుతుంది. హేమ లేచి గోడ మీది క్యాలెండరు చూసి తేదీ కొట్టేది. చేతి గడియారం చూసి, చాలకపోతే హాల్లో గడియారం కూడా చూసి వచ్చి టైము కొట్టేది. ఒక మిషను అడిగినదానికి ఇంత నిజాయితీగా జవాబు చెప్పే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

నాకు ఒక్క ఊరట ఉండేది. సాయంత్రం అయిదు గంటల వేళ హేమ ఆ రోజు ఉత్తరాలను కాగితం మీద తీసుకొచ్చి నా ముందు పెట్టి, "కాస్త దిద్దిపెట్టు మే, నీ ఇంగ్లీషు నాకు రాదు" అనేది. నేను ఎర్ర పెన్సిలు తీసుకుని, మొటిక్కాయలు వేసినట్టు దిద్దేదాన్ని. ఆమె రాసేది సాదా సీదాగా ఉండేది. సరుకు పంపినాము, చేరిందో లేదో తెలపండి, అంతే. నేను ప్రతి వాక్యానికీ ఒక వినయపూర్వకమో, ఒక కృతజ్ఞతాభివందనమో తగిలించి నగలు తొడిగేదాన్ని. ఆమె తల ఊపి తీసుకుపోయేది. మద్రాసు హార్బరు దాకా పోయే ఉత్తరాల్లో నా మాటలుంటున్నాయని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

దసరా దగ్గరపడుతుండగా చిన్నాయన భోజనం దగ్గర ఒక మాట చెప్పాడు. కంప్యూటరు అమ్మినవాళ్లు మద్రాసులో ఒక మనిషికి మూడు నెలలు చదువు చెబుతారట. ఫ్యాక్టరీ తరఫున ఒక పేరు రాసి పంపాలి. "ఒకరే నాయనా?" అని హేమ అడిగింది. "ఒకరే. పండగ కాంగానే ఉత్తరం పంపిద్దాం" అన్నాడు. ఎవరనేది ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదన్నట్టు మజ్జిగ పోసుకున్నాడు. పరీక్షలు అయిపోయినాయి గనక దీపావళికల్లా ఇంటికి వచ్చేయమని మా నాయన కబురు పెట్టి ఉన్నాడు. వెళితే నాకు గానుగ దగ్గర పొయ్యిలోకి పిప్పి ఎగదోసే పని ఉంటుంది, ఇక ఏ మిషనూ ఉండదు. టైపు హయ్యరు కాగితం ట్రంకుపెట్టెలో ఉండిపోతుంది. మద్రాసు పోతే మళ్లీ ఐరాల రావాల్సిన అవసరం ఉండదని ఆ రోజు నేను లెక్క కట్టుకున్నాను. నోరు తెరిచి అడగొచ్చు గదా అంటే, అడిగి లేదనిపించుకోవడం నాకు చావుతో సమానం.

ఆయుధపూజ నాటికి నేను నెలసరితో బయట చేరాను. చిన్నమ్మ ఇంట్లో ఆ పట్టింపు గట్టిగా ఉండేది. వెనక వరండాలో చాప, చెంబు, పళ్లెం విడిగా ఇచ్చేవాళ్లు. అక్కడ కూర్చునే నేను పూజంతా చూశాను. కంప్యూటరుకు నెమళ్ల తొడుగు తీసి, తుడిచి, గంధం పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. స్విచ్చుకొక బొట్టు, మీటలున్న పలకకు నాలుగు మూలలా నాలుగు బొట్లు. ముందర బొరుగులు, పుట్నాలు, బెల్లం పెట్టారు. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. పూజలో పెట్టినదాన్ని మరునాటి దాకా ముట్టుకోకూడదు, నేనైతే అసలే ముట్టుకోకూడదు. హారతి అయినాక అందరూ ఫ్యాక్టరీలో గుమ్మడికాయ కొట్టడానికి జీపెక్కారు. "పొయ్యేసి తొందరగా వచ్చేస్తాం, నువ్వు పండుకో మే" అని హేమ నాకు కిటికీలోంచి చెప్పింది.

జీపు మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత లేచి, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఆ గదిలోకి పోయాను. భయం లేకపోలేదు. స్విచ్చు నొక్కితే కుంకుమ వేలికి అంటుకుంది. తెర వెలిగి తేదీ అడిగింది. క్యాలెండరు ఎదురుగానే ఉంది, చూసే ఓపిక లేదు, ఊరికే ఎంటరు కొట్టాను. టైము అడిగింది, మళ్లీ ఎంటరు కొట్టాను. అది ఊరుకుంది. హేమ పెట్టుకున్న ఉత్తరాల ఫ్లాపీ వేసి, పేర్లన్నీ చూపించమన్నాను. ఒక్కో ఉత్తరం ఎదుట ఏ తేదీన, ఎన్ని గంటలకు దాచారో ఉంటుంది. నేను వెతికింది ఇంకొకటి. ఏ మగపిల్లాడికో రాసుకున్న జాబు ఒకటి, తండ్రి మీద ఒక సణుగుడు, కనీసం నా గురించి ఒక ఎత్తిపొడుపు. అంత నిమ్మళం వెనక ఏదో కుళ్లు ఉండాలి గదా అని నా ఆశ. ఏమీ లేదు. ఉత్తరాలు, ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు, ఎవరికి ఏ రోజు సెలవు కావాలన్నదీ. అంతే.

ఉత్తరాలు తెరిచాను. నా మాటలు చూసుకుందామని. ఒక్కటి లేదు. రెండోది తెరిచాను, మూడోది తెరిచాను. నేను దిద్దిన ఏ ముక్కా ఎక్కడా లేదు. మళ్లీ టైములు చూశాను. అన్నీ పొద్దున పదికీ పదకొండుకూ మధ్య దాచినవి. మధ్యాహ్నం ఒంటి గంటకు ఫ్యాక్టరీ మనిషి వచ్చి టపా తీసుకుపోతాడు. అంటే నా దగ్గరికి సాయంత్రం తెచ్చినవన్నీ అప్పటికే పోస్టులో పడిపోయిన ఉత్తరాలు. నేను మొగం ముడుచుకుని కూర్చుంటున్నానని కనిపెట్టి, చంటిపిల్లకు గిలక్కాయ ఇచ్చినట్టు ఆ కాగితాలు నా చేతికి ఇచ్చింది. ఆమె మోసం చేసి ఉంటే ఓర్చుకునేదాన్ని. జాలిపడింది. అది ఓర్చుకోలేకపోయాను. జాలిపడగలిగినంత ఉన్నది ఆమె దగ్గర, నా దగ్గర లేనిది.

చివరి ఉత్తరం మద్రాసు చదువు గురించి. పంపించదలచిన మనిషి పేరు కుమారి హేమలత అని ఉంది. కొట్టేసి నా పేరు పెట్టాను. హయ్యరు ప్యాసైన చేయి గదా, ఒక్క తప్పు పడలేదు. దాచమన్నాను, దాచింది. మిషను ఆపేసి, చెదిరిన బొట్టును పూజ పళ్లెంలోని కుంకుమతో మళ్లీ దిద్ది, చాప మీదికి వచ్చి పడుకున్నాను. జీపు చప్పుడు వినిపించినప్పుడు నిద్ర నటించాను.

విజయదశమి పొద్దున హేమ తలస్నానం చేసి వచ్చి మిషను ముందు కూర్చుంది. నేను ఇంకా వెనక వరండాలోనే ఉన్నాను, నాకు ఆమె వీపు, తెర ఒక మూల కనిపిస్తున్నాయి. క్యాలెండరు చూసింది, గడియారం చూసింది, పేర్లన్నీ తెర మీదికి తెచ్చుకుంది. అట్లాగే చాలాసేపు కదలకుండా కూర్చుంది. ఒకసారి తిరిగి కిటికీ వైపు చూసింది. నేను తల వంచుకుని చెంబులో నీళ్లు తాగాను. తర్వాత ప్రింటరు కర్రుమంది. చిన్నాయన టిఫిను తింటూ, ఎడమ చేత్తో కాగితం పట్టుకుని, చదవకుండానే సంతకం పెట్టాడు. పది రోజులకు మద్రాసు నుంచి జవాబు వచ్చింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "ఇదేంది, సుగుణ పేరు ఉండాదే?" అన్నాడు. "నేనే రాసినాను నాయనా. దాని చెయ్యి నాకంటే వడి" అంది హేమ, వక్క కత్తిరిస్తూ. చిన్నాయనకు కోపం వచ్చింది, ముందే ఎందుకు చెప్పలేదని. రెండు రోజులు ముభావంగా ఉండి, ఆఖరుకు ఆయనే నాకు బస్సు టికెట్టు కొన్నాడు.

హేమ పొరపాటున చూసుకోకుండా అచ్చువేసిందని, తండ్రి ముందు చిన్నబోకుండా అట్లా అందని నాకు నేను చెప్పుకున్నాను. మద్రాసులో మొదటి రోజు క్లాసులో ఆ నమ్మకం కాస్తా పోయింది. పాఠం చెప్పే ఆయన, మిషను తేదీ అడిగినప్పుడు సోమరితనంతో ఎంటరు కొట్టేవాళ్లను ఎట్లా పట్టుకోవచ్చో చూపించాడు. ఆ మిషనుకు తనంతట తాను తేదీ తెలియదు, మనం చెప్పకపోతే ఎనభయ్యో సంవత్సరం జనవరి ఒకటి, అర్ధరాత్రి దాటిన నాలుగు నిమిషాలో అయిదు నిమిషాలో అని ఫైలు పక్కన రాసేసుకుంటుంది. అందరూ నవ్వారు. నాకు ఆయుధపూజ నాడు నేను కొట్టిన రెండు ఎంటర్లు గుర్తుకొచ్చాయి. క్యాలెండరు చూసి తేదీ కొట్టే హేమ ఫ్లాపీలో, వరసగా ఆ ఏటి తేదీల మధ్య, ఆ ఒక్క ఉత్తరం ఎదుట ఎప్పటిదో తేదీ. ఆమెకు అది కనిపించకపోవడమన్న మాటే లేదు.

ఆ మూడు నెలలతోనే నా జీవితం తిరిగింది. ఉద్యోగం, పెళ్లి, తిరుపతిలో ఇల్లు, తర్వాత ఈ రాతలు, అన్నీ ఆ కుర్చీలోంచి వచ్చినవే. హేమ చిత్తూరులోనే ఉండి, ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆ ఉత్తరాలు కొట్టింది. కలిసినప్పుడల్లా ఊరుబిండి సీసా చేతికిచ్చింది. తీసుకున్న ప్రతిసారీ నాకు కృతజ్ఞత కలగాల్సింది, కలగలేదు. ఇంత పెద్ద వస్తువును ఇట్టే ఇచ్చేయగలిగిందే అని అసూయ పడ్డాను. ఇప్పటి కంప్యూటర్లకు తేదీ చెప్పే పని లేదు, అవి మనల్ని ఏదీ అడగవు. అడగకుండానే అన్నీ దాచుకుంటాయి. అందుకే అవి దాచుకున్నదానికి మనం ఇంకా ఎక్కువ భయపడాలి. హేమ కంప్యూటరులో ఎంత వెతికినా నాకు హేమే దొరికింది. నా కంప్యూటరులో వెతికినా నేనే దొరుకుతాను, అదే నా భయం.

కొండ దిగి వచ్చిన మరునాడు, చిత్తూరు బస్సుకు ఇంకా గంట ఉందనగా, హేమ సంచి సర్దుకుంటుంటే అడిగేశాను. "ఆ ఉత్తరం ఎందుకు పోస్టులో ఏసినావు హేమా?" ఏ ఉత్తరమని ఆమె అడగలేదు. లడ్డు ప్రసాదం పొట్లం కట్టడం ఆపి, మంచం మీద కూర్చుంది.

"కొట్టేసి నా పేరు పెట్టుకోవాలనే అనుకున్నా మే. నిమిషం పని. కానీ నాయనకు తెలిస్తే ఆ పొద్దే నిన్ను ఐరాల బస్సు ఎక్కించేస్తాడు. నువ్వు సూస్తే చాప మీద కూసోని, చెంబులో నీళ్లు లేకపోయినా తాగతా ఉండావు. చెయ్యి రాలేదు."

"పోనీలే అని ఇచ్చేసినావు" అన్నాను.

"పోనీలే అని యాడ అనుకున్నాను?" ఆమె గొంతు పెరగలేదు, మొగం మాత్రం ఎర్రబడింది. "నాకు మద్రాసు పోవాలని ఎంత ఆశ ఉండాదో నీకేం తెలుసు? నువ్వు వచ్చి అడిగింటే ఇచ్చేదాన్నే కాదు. కొట్లాడేదాన్ని. నాకు కొట్లాడేదానికి కూడా లేకుండా చేసినావు. నీ పెండ్లికి జ్వరమని రాలేదు గదా నేను?"

"అవును. టైఫాయిడ్ అని చిన్నమ్మ చెప్పింది."

"జ్వరం లేదు, ఏం లేదు. నీ మొగం చూడబుద్ధి కాక ఇంట్లో తలుపేసుకోని పండుకున్నా. ఆ పొద్దంతా నీ కొత్త చీరెకు నిప్పు అంటుకుంటే బాగుండునని అనుకుంటా ఉన్నా."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హేమ నన్ను బాధపెట్టినానేమోనని కంగారుపడి లేవబోయింది. నేను ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. ఇన్నేళ్లలో హేమ నాకు ఇచ్చినవాటన్నిటిలోకీ, అసూయ పడకుండా నేను పుచ్చుకున్నది ఆ ఒక్క మాటే.